రెండు వేళ్ల అంచు టోపీ

సుజనకు ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక ప్రశ్నంటే. "అమ్మా, మీరు ఎంతవరకు చదువుకున్నారు?" అన్న ప్రశ్న. బల్లి మీద పడితే దులిపేసుకుంటుంది. గ్యాస్ సిలిండర్ బుస్సుమంటే తానే వెళ్లి కట్టేస్తుంది. ఆ నాలుగు మాటలు వినబడితే మాత్రం నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు రాసి వచ్చిన మర్నాటి నుంచి ఆమె మళ్లీ బడి మెట్లెక్కలేదు. ఆ సంగతి భర్తకు తెలుసు, అత్తకు తెలుసు. ఇంకెవరికీ తెలియకుండా జీవితం వెళ్లిపోతే చాలనుకుంది.

కానీ ఆ శనివారం పదకొండు గంటలకు సరిగ్గా ఆ ప్రశ్న అడిగే చోటికే వెళ్లాలి. నాలుగేళ్ల మున్నీకి ఎల్‌కేజీ సీటు కోసం ఉస్మాన్‌గంజ్ వెనకున్న ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇంటర్వ్యూ. పిల్లను అడిగేది పేరు, రెండు రంగులు, ఒక పాట. అసలు పరీక్ష తల్లిదండ్రులకు. ఆ బడి కరస్పాండెంటు విశ్వేశ్వర్ గారిది తాతల నాటి నుంచి పసుపు, మిరపకాయల హోల్‌సేల్ చేసే కుటుంబం. ఆ ఘాటు ఆయన మాటల్లోకి కూడా దిగింది. "తల్లికి చదువు లేకుంటే పిల్లకు హోంవర్కు ఎవరు చేయిస్తారు?" అని ముఖం మీదే అనేస్తారు. కిందటేడు లాల్‌దర్వాజాలో వాళ్ల పక్కింటి బాలమ్మ కోడలు "టెన్త్ ఫెయిలు సార్" అని నిజం చెప్పింది. సీటు రాలేదు. ఆ నిజం మాత్రం ఆమెకంటే ముందే గల్లీకి వచ్చింది.

"నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు భర్త జగదీశ్వర్. "నిన్ను ఒక్క ముక్క అడగడు. నేను టోపీ పెట్టుకొని వస్త గద."

జగదీశ్వర్ కరెంటాఫీసులో జూనియర్ అసిస్టెంటు. విశ్వేశ్వర్ గారికి పాత టోపీల పిచ్చి ఉందని ఆయనకు ఆఫీసు క్యాంటీన్లో తెలిసింది. అన్ని టోపీలూ కాదు. వెనకటి కాలంలో దొరలు పెట్టుకున్న, ఉన్నిని ఒత్తి చేసే ఫెల్టు టోపీలు, వాటిలోనూ అంచు సన్నగా ఉన్నవి మాత్రమే. ఆయన గదిలో అద్దాల బీరువా నిండా అవేనట. టోపీ మాట ఎత్తినవాడు లోపలికి వెళితే మధ్యాహ్నం భోజనం వేళకు కూడా బయటికి రాడట. వెంటనే జగదీశ్వర్ జుమేరాత్ బజారుకు వెళ్లి, పాత ఫ్యాన్లకూ పగిలిన గడియారాలకూ మధ్య పడి ఉన్న ఒక కాఫీరంగు టోపీ కొనుక్కొచ్చాడు. కరస్పాండెంటును టోపీ మాటల్లో ముంచేస్తే భార్య చదువు మాట రాదన్నది ఎత్తు. తెలివైనదే. చెడిందల్లా ఆ తర్వాత ఆయన ఫోన్లో వీడియోలు చూడటం వల్ల.

మూడు నెలల్లో జగదీశ్వర్ టోపీల వయసు చెప్పే పండితుడయ్యాడు, తన టోపీది 1962 అని తేల్చాడు. అన్నం ముందు కూర్చుంటే చాలు, చెయ్యి పైకెత్తి వేళ్లు లెక్కపెట్టేవాడు.

"నాలుగు వేళ్ల అంచంటే నలబైలు. మూడు వేళ్లంటే యాబైలు. రెండు వేళ్లంటే పక్కా అరవైలు. ఎందుకో చెప్పు?"

"నాకేం ఎరుక? పప్పు వెయ్యాల్నా?"

"కార్ల కప్పులు కిందికొచ్చినయ్. వెడల్పు టోపీ పెట్టుకొని కార్ల కూసుంటే కప్పుకు తగుల్తది. గందుకని అంచు చిన్నగ చేసిండ్రు. హిస్టరీ!"

చెప్పేవాడికి ఉన్నది స్కూటరు. దానికి కప్పే లేదు.

టోపీ అయ్యాక ఆయన చూపు ఇంట్లో సామాను మీద పడింది. అటక మీది ఇత్తడి బిందె 1952 అన్నాడు. రోకలి 1940కి ముందుది అన్నాడు. ఒకరోజు తల్లి చంద్రమ్మను ఎగాదిగా చూస్తుంటే, "నా జోలికి రాకు బిడ్డా. నాది ఆధార్ కార్డుల ఉన్నది," అని ఆమె లేచి లోపలికి పోయింది.

పండితులందరికీ ఉన్నట్టే ఆయనకూ ఒక కట్టుబాటు ఉంది. టోపీ లోపల నుదుటికి తగిలేచోట చుట్టూ తోలు పట్టీ ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పి చూస్తే టోపీ అసలు వయసు తెలిసిపోతుందట. అయితే తిప్పకూడదట. పాత తోలు పగులుతుంది, టోపీ విలువ పోతుంది. అంటే వయసు తెలిసే చోటు ఒక్కటే, అక్కడ చూడకపోవడమే శాస్త్రం.  సుజనను ఆ టోపీ ముట్టుకోనిచ్చిందే లేదు. పెళ్లికి ముందు ఆమె కుట్టు పని చేసిందని జగదీశ్వర్‌కు తెలుసు. ఏం కుట్టిందని అడగాలని మాత్రం ఏడేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

శనివారం పొద్దున ఏడున్నరకు జగదీశ్వర్ బీరువా మీది నుంచి టోపీ దించాడు. అందులో ఎనిమిది వెల్లుల్లి గడ్డలు ఉన్నాయి.

"ఎవలు పెట్టిండ్రు ఇండ్ల ఎల్లిగడ్డలు?"

"నేనే," అంది చంద్రమ్మ వాకిట్లోంచి. "గాలి తగలాలె గద. గిన్నెల పెడితే మొలకొస్తున్నయ్."

"అమ్మా! ఇది 1962!"

"అయితేంది? ఎల్లిగడ్డలు పోయిన శనివారంవి. మంచిగనే ఉన్నయ్."

జగదీశ్వర్ టోపీలో ముక్కు పెట్టి, వెంటనే తీసేశాడు. వారం రోజుల ఎల్లిగడ్డల వాసనను ఫెల్టు బాగా పీల్చుకుంది. ఆ టోపీతో ఇంటర్వ్యూకు వెళితే విశ్వేశ్వర్ గారు వయసు కాదు, పచ్చడి పాళ్లు అడుగుతారు. జగదీశ్వర్ తల పట్టుకొని స్నానానికి వెళ్లాడు. సుజనకు పొయ్యి మీద అన్నం, చేతిలో మున్నీ జడ, గుండెల్లో పదకొండు గంటలు. వాసన పోవాలంటే ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. మున్నీ పసిపిల్లప్పుడు తలస్నానం చేయించాక చేసినట్టే, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురు గంప బోర్లించి, గంప మీద టోపీ పెట్టింది. పొగ పిల్ల తలకు మంచిదైతే, తల మీద పెట్టుకునేదానికి చెడ్డదెట్లా అవుతుంది?

జగదీశ్వర్ తువ్వాలు కట్టుకొని వచ్చేసరికి టోపీకి వాసన రెండు రకాలైంది, ఆకారం ఒక్కటీ లేకుండా పోయింది. ఆ వేడికి ఫెల్టు మెత్తబడి, నడుమ సొట్ట పైకి ఉబ్బి, అది బోర్లించిన ఇడ్లీలాగా గంప మీద కూర్చుంది.

"1962ను చంపేసినవ్ గదనే!"

"నేనేం చంపిన? పొగ పెట్టిన అంతే. పిల్లలకు పెడ్తరు."

"ఇది పిల్లనా? యాంటిక్!"

"లొల్లి ఆపుండ్రి ఇద్దరు," అంది చంద్రమ్మ, ఎల్లిగడ్డలు కొంగులో వేసుకుంటూ. "చార్‌కమాన్ ఎనక జహంగీర్ లేడా? టోపీల పనే గద ఆయనది. తీస్కపోండ్రి."

జహంగీర్ భాయ్‌ది మూడు తరాల దుకాణం. ఇత్తడి అచ్చు మీద తడి ఫెల్టు బిగించి, ఆవిరి పట్టి, పొడుగాటి రూమీ టోపీలు తీస్తాడు. నిజాం కాలంలో పాతబస్తీ మొత్తం నెత్తిన పెట్టుకున్న, పైన నల్ల కుచ్చు వేలాడే టోపీలు. ఇప్పుడు పెళ్లికొడుకులూ కవ్వాలీ పాడేవాళ్లూ తప్ప ఎవరూ పెట్టుకోరు. అయినా ఆయన పొద్దున్నే ఎనిమిదికి దుకాణం తెరిచి, ఇత్తడి అచ్చులు తుడిచి, ఆరోజు ఎవరైనా వస్తారని కూర్చుంటాడు.

ఆరోజు జగదీశ్వర్ వచ్చాడు, సుజననూ మున్నీనీ వెంటబెట్టుకొని.

"భాయ్, దీన్ని షేపుల పెట్టియ్యాలె. జల్దీ. పదకొండుకు కావాలె."

"కౌన్సా షేప్?"

"పాత షేపే భాయ్. వెనకటి జమానాల ఎట్లుండెనో గట్లనే."

"పురానా జమానా!" జహంగీర్ భాయ్ కళ్లు మెరిశాయి. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్ల నోట ఆయన వినాలనుకున్న మాట అది. "సమఝ్ గయా. మీరు పోయి చాయ్ తాగి రాండ్రి. అసలు జమానా చూపిస్త మీకు."

చూపించాడు. వాళ్లు చాయ్ తాగి, మున్నీకి బిస్కట్లు తినిపించి తిరిగొచ్చేసరికి పీట మీద జానెడు పొడుగున, గోడలా నిటారుగా, కాఫీరంగు రూమీ టోపీ ఒకటి నిలబడి ఉంది. పైన కొత్త నల్ల కుచ్చు. అంచు పైన చుట్టి ఉండే పాత రిబ్బను విడిగా మడతపెట్టి ఉంది.

జగదీశ్వర్ నోరు రెండుసార్లు తెరిచి, మూడోసారికి మాట తెచ్చుకున్నాడు. "అంచు ఏది భాయ్?"

"కౌన్సా అంచు?"

"చుట్టూ ఉండె గద, రెండు వేళ్లంత!"

"అదా? కోసేసిన," అన్నాడు జహంగీర్ భాయ్ నింపాదిగా. "ఏ టోపీ అచ్చు మీద తీసినా కింద రెండు వేళ్లు ఫాల్తూ మిగుల్తది భాయ్. కోసి పారేస్తం. ఎవడో కచ్చా పనోడు దీన్ని కొయ్యకుంటనే తోలు కుట్టిండు. సిగ్గు లేనోడు."

"అదే భాయ్ దాని వయసు! అదే అరవైలు!"

"వయసు కోస్తే మంచిదే గద. జవాన్ అయితది."

ఆ మాటలో ఎగతాళి లేదు. తన పని తాను చక్కగా చేశాననే ఆయన నమ్మకం. ఈలోగా మున్నీ కింద పడి ఉన్న ఫెల్టు చుట్టును రెండు చేతులతో పట్టుకొని, స్టీరింగులాగా తిప్పుతూ "పాం పాం" అని దుకాణం చుట్టూ తిరిగింది. అంచుకూ కారుకూ సంబంధం ఉందన్న జగదీశ్వర్ సిద్ధాంతం ఆ విధంగా రుజువైంది.

గడియారం తొమ్మిదీ యాభై. జగదీశ్వర్ అరుగు మీద కూలబడ్డాడు. "ఖతం. టోపీ లేకుంటే ఆయన నిన్నే అడుగుతడు. ఎంతవరకు చదివినవని. నువ్వు నీళ్లు నములుతవు. పిల్ల సీటు పాయె."

సుజన ఆయన వైపు ఒకసారి చూసింది. పిల్ల చేతిలోంచి అంచు లాక్కుంది. "భాయ్, సూది ఇయ్యి. మందంది. కాఫీరంగు దారం ఉందా?" అని చాప మీద కూర్చుంది.

కోసిన అంచును మళ్లీ కలపాలంటే లోపల తోలు పట్టీ కొంచెం ఊడదీసి, కుట్టు లోపలి నుంచి వెయ్యాలి. పైన కుట్టు కనబడేచోట రిబ్బను వస్తుంది. ఇది ఎవరూ చెప్పకుండానే ఆమె చేతులకు తెలిసింది. జగదీశ్వర్ "తోలు జాగ్రత్త, పగుల్తది, పగుల్తది" అంటూ నెత్తి మీద నిలబడ్డాడు. ఆమె తోలు మొదటి కుట్టు విప్పింది. దారం చివర మూడు చుట్ల ముడి, కొస నిప్పుతో కాల్చి నొక్కిన గుర్తు. సుజన చెయ్యి ఆగిపోయింది. ఆ ముడి ఆమెదే.

తోలు ఇంకొంచెం వంచింది. అది తోలు కూడా కాదు, అరిగి మెత్తబడ్డ రెగ్జిను. దాని వెనక మైదాపిండి జిగురుతో అంటించిన కాగితం. గీతల నోటుబుక్కు కాగితం. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: "గొలుసుకట్టు చెరువులు." మార్జిన్లో ఇంకొంచెం చిన్నగా: "మ. సుజన, 8–బి, 10–10–2011."

బడి మానేసిన నెలలోనే ఆమె రామలింగయ్య మేస్త్రి కార్ఖానాలో చేరింది. పెళ్లి బ్యాండువాళ్ల కోట్లూ టోపీలూ కుట్టే కార్ఖానా. టోపీ పట్టీ గట్టిగా నిలబడాలంటే వెనక మందపు కాగితం కావాలి. "ఇంట్ల పాత బుక్కులుంటే తేపో బిడ్డా, నీకింకెందుకు?" అన్నాడు మేస్త్రి. చెడ్డగా అనలేదు. పనికొచ్చేది అన్నట్టే అన్నాడు. సుజన సంచి మొత్తం తెచ్చి కుమ్మరించింది. రెండ్రోజులు తన దస్తూరి తానే కత్తిరించింది. నాలుగేళ్ల తర్వాత మేస్త్రి చనిపోతే కార్ఖానా మూసేశారు. మిగిలిన టోపీలు మూటలు కట్టి పాతసామాను వాడికి ఇచ్చేశారు. అంతే.

అంటే 1962 అంటూ మూడు నెలలుగా ఇంట్లో పూజలందుకున్నది 2011 చివర్లో కుట్టిన టోపీ. అది ఇప్పుడు ఆమె భర్త నెత్తి మీద కూర్చొని, ఆమె దాచిన ఒకే ఒక్క సంగతిని, పేరూ తరగతీ సెక్షనుతో సహా, అది తెలియకూడని ఒకే ఒక్క మనిషి గదిలోకి మోసుకెళ్లబోతోంది. గోటితో గీకి చూసింది. పద్నాలుగేళ్ల మైదా జిగురు, సిమెంటులా ఉంది. నానబెట్టి తీయాలంటే గంట పడుతుంది. టైము లేదు.

"ఏమైంది? పగిలిందా?" అన్నాడు జగదీశ్వర్.

"ఏం కాలే. మంచిగుంది," అని ఆమె తోలు లోపలికి మడిచి, గట్టిగా కుట్టేసింది. టోపీల పండితులు తోలు తిప్పరు. ఇంతకాలం విన్న సోదిలో ఆ ఒక్క ముక్క మీద ఆమె ఇప్పుడు ప్రాణం పెట్టుకుంది.

జహంగీర్ భాయ్ అయిష్టంగానే ఆవిరి పట్టి, పైన చేత్తో సొట్ట నొక్కిచ్చాడు. "మంచి టోపీ ఖరాబ్ చేస్తున్నరు," అని గొణిగాడు. కుట్టులోకి అరవేలు పోయి, రెండు వేళ్ల అంచు ఇప్పుడు ఒకటిన్నర వేలైంది. కుచ్చు మాత్రం మున్నీ ఇవ్వలేదు.

పదకొండు కొట్టేసరికి ముగ్గురూ కరస్పాండెంటు గదిలో ఉన్నారు. విశ్వేశ్వర్ గారు ఫ్యాను కింద బూడిదరంగు టోపీ పెట్టుకొని, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన వెనక టేకు బీరువా. అద్దాల వెనక లైట్లు. పది టోపీలు. ఒక్కోదాని కింద ఒక్కో ఇత్తడి పలక: 1958, 1961, 1963, అట్లా. గదంతా కలరా ఉండల వాసన.

"వాట్ ఈజ్ యువర్ నేమ్, బేబీ?"

"పాం పాం," అంది మున్నీ కుచ్చు తిప్పుతూ.

 కానీ విశ్వేశ్వర్ గారు అసలు వినలేదు. ఆయన కళ్లు జగదీశ్వర్ నెత్తి మీద అతుక్కున్నాయి.

"ఇట్లియ్యండి. నెమ్మదిగా. రెండు చేతులతో." సొరుగులోంచి తెల్ల చేతి తొడుగులు తీసి తొడుక్కున్నారు. స్కేలు పెట్టి కొలిచారు. మళ్లీ కొలిచారు. "ఒకటిన్నర వేలు! ఇంత సన్నది నా దగ్గర కూడా లేదు."

"అరవై రెండు అనుకున్న సార్," అన్నాడు జగదీశ్వర్ వినయంగా.

"అరవై రెండా?" విశ్వేశ్వర్ గారు జాలిగా నవ్వారు. "అరవై రెండులో ఇంత ధైర్యం ఎవరికుందండీ? ఇది అరవై ఆరు. ఇంకా చెప్పాలంటే అరవై ఆరు చివర. అప్పటికి కార్ల కప్పులు బాగా కిందికొచ్చేశాయి." ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకున్నారు. "ఆహా. పురుగు పట్టకుండా వాళ్లు ఏవో మూలికలు వాడేవాళ్లు. ఇది నకిలీ టోపీలో రాదు. ఈ వాసన చెయ్యలేరు."

ఆ వాసన చేసిన అత్తాకోడళ్లలో ఒకరు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. సుజన మొదటిసారి కుర్చీకి వీపు ఆన్చింది. పావుగంట గడిచింది. టోపీలే టోపీలు. విశ్వేశ్వర్ గారు మాట్లాడుతూనే మున్నీ దరఖాస్తు ముందుకు లాక్కున్నారు. పెన్ను మూత తీశారు. సంతకం పెట్టేచోట పెన్ను ఆనింది కూడా.

"ఒక్క నిమిషం," అని పెన్ను పక్కన పెట్టారు. "తోలు తిప్పి చూద్దాం."

"వద్దు సార్!" అని మొగుడూ పెళ్లాం ఒక్కసారే అరిచారు. ఆయన విలువ పోతుందని, ఆమె పరువు పోతుందని.

"పగుల్తది సార్, పాత తోలు," అంది సుజన. "మీవి తిప్పి చూసిండ్రా ఎప్పుడన్నా?"

"నావి ఎందుకు తిప్పుతానమ్మా? విలువ పోదూ?" అన్నారు విశ్వేశ్వర్ గారు, తిప్పుతూ.

కాగితం కనబడింది. భూతద్దం పెట్టి చదివారు. "గొలుసుకట్టు చెరువులు... కాకతీయులు తవ్వించిన..." తల ఎత్తారు. "తెలుగులో ఉందేమిటి?" కొంచెంసేపు ఆలోచించి, "బహుశా విదేశీ కంపెనీలో మనవాళ్లెవరో పనిచేసి ఉంటారు," అన్నారు. పాండిత్యానికి దారి మూసుకుపోవడం అంటూ ఉండదు. మళ్లీ వంగారు. "మ. సుజన. ఎనిమిది బి. తేదీ పది, పది, రెండువేల..." అక్కడ ఆగిపోయారు. భూతద్దం నెమ్మదిగా జరిగి దరఖాస్తు మీదికి వచ్చింది. తల్లి పేరు: సుజన. పక్కన విద్యార్హత గడి ఖాళీగా ఉంది.

గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. రోకలి పుట్టిన సంవత్సరం కూడా చెప్పగలిగిన జగదీశ్వర్, ఆ ఫ్యాను ఏ సంవత్సరందో తేల్చేవాడిలాగా పైకి చూస్తున్నాడు.

విశ్వేశ్వర్ గారు తొడుగులు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు మారింది. "అమ్మా, మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

వచ్చేసింది. సుజన నాలుక యథాప్రకారం అంగిలికి అతుక్కుంది. ఆయన ముఖం చూడలేక చూపు పక్కకు తిప్పుకుంది. పక్కన బీరువా ఉంది. లైట్ల వెలుగులో 1958 పలక పైనున్న టోపీ వెనక్కి తిరిగి ఉంది. దాని రిబ్బను ముడి కింద, గోరంత మేర, మూడు చుట్ల దారం, కాల్చి నొక్కిన కొస.

సుజన కళ్లు చికిలించింది. ఆ పక్కది చూసింది. ఆ పైది చూసింది. లేచి నిలబడింది.

"సార్, బీరువా తెరవండి."

"ఎందుకు?"

"తెరవండి సార్. మీరు అడిగినదానికి జవాబు చెప్తున్న."

ఆ గదిలో ఆయనకు ఎవరూ పని చెప్పి ఎరుగరు. అలవాటు లేకపోవడం వల్లే కాబోలు, తెరిచేశారు. సుజన 1958 తీసుకొని, ఆయన అయ్యో అనేలోపు బొటనవేలితో పట్టీ తిప్పేసింది. "కిరణజన్య సంయోగక్రియ" అని నీలం సిరాలో ఉంది.

"ఇది సైన్సు," అని ఆయన చేతిలో పెట్టింది. 1961 తిప్పింది. "ఇది లెక్కలు. చక్రవడ్డీ. ఈ లెక్క నాకు తప్పొచ్చింది, చూడుండ్రి, ఎర్రగీత ఉన్నది." 1963 తిప్పలేదు. "ఇది రాహేలక్క కుట్టింది. ఆమె ముడి రెండు చుట్లే ఏస్తది. ఇది మా మేస్త్రిది. ఇది నాదే, ఇంగ్లీషు ఉంటది. మాది పెళ్లి బ్యాండోళ్ల కార్ఖానా సార్. అంచు సన్నగ ఎందుకంటే, బాకా ఊదెటోనికి పక్కోని టోపీ తగలొద్దని. కార్లు గీర్లు ఏం లేవు."

విశ్వేశ్వర్ గారు కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. "ఇవి నవాబుగారి భవంతి, ఆ దేవిడీలోంచి వచ్చాయని..."

"దేవిడీల పెండ్లయి ఉంటది సార్. బ్యాండు పోయి ఉంటది."

ఇన్నేళ్లుగా నోట్లో అడ్డం పడ్డది ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు. "ఎనిమిది సార్, నేను చదివింది. హాఫ్ ఇయర్లీ దాక. నమ్మకుంటే మొత్తం మీ బీరువాలనే ఉన్నది, సూస్కోండ్రి." మళ్లీ ఒకసారి అరలన్నీ కలియజూసింది. "తెలుగు ఒక్కటి కనిపిస్తలేదు. మీ నెత్తి మీద ఉందేమో చూడండి."

 విశ్వేశ్వర్ గారు నెమ్మదిగా బూడిదరంగు టోపీ తీసి, ఒళ్లో పెట్టుకొని, పట్టీ కొస తిప్పారు. సవర్ణదీర్ఘ సంధి, నాలుగు ఉదాహరణలతో సహా ఉంది.

సుజన ఎనిమిదో తరగతి ఎక్కడికీ పోలేదు. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి, దుమ్ము పడకుండా అద్దాలు బిగించి, లైట్లు పెట్టి, దాన్ని ఇన్నాళ్లూ ఈయనే కాపాడారు. పద్నాలుగేళ్లలో ఏ చదువుకూ ఇంత మర్యాద జరిగి ఉండదు.

"వీటిలో ఒక్కటైనా అసలుది ఉందా అమ్మా?" అన్నారాయన. ఆ గొంతులో మిరపకాయ లేదు.

సుజన నిజాయితీగా అన్నీ తిప్పి చూసింది. "బీరువా అసలుదే సార్. మంచి టేకు."

జగదీశ్వర్ ఆ సమయంలో నోరు మూసుకొని ఉండాల్సింది. "నేను ముందే అనుకున్న సార్, ఆ యాబై ఎనిమిది మీద నాకు డౌటే," అన్నాడు. ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన మళ్లీ ఫ్యాను వైపు చూశాడు.

విశ్వేశ్వర్ గారు లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. వచ్చే ఆదివారం సికింద్రాబాదు నుంచి పదిమంది టోపీల పెద్దమనుషులు ఈ బీరువా చూడటానికి వస్తున్నారట. కార్డులు పంచేశారట. వాళ్లలో ఒకాయన ఈయన్ను ఇదివరకే ఒకసారి టోపీ విషయంలో ఎగతాళి చేశాడట. ఇదంతా గొణుగుతూ చెప్పి, గోడ వైపు చూస్తూ, "ఈ సంగతి ఈ గదిలోనే ఉంటే బాగుంటుంది," అన్నారు.

"నేనెందుకు చెప్తా సార్?" అంది సుజన. "చదువు సంగతి బయట చెప్తే ఎంత నామోషీగ ఉంటదో నాకు తెల్వదా?"

ఆయన దరఖాస్తు ముందుకు జరిపారు. విద్యార్హత గడి దగ్గర ఆగి, పెన్ను ఆమెకే ఇచ్చారు. సుజన గుండ్రటి అక్షరాలతో "8వ తరగతి" అని రాసింది. దస్తూరి ఏమీ మారలేదు. ఆయన కింద సంతకం పెట్టారు. ఆ సీటు దయతో వచ్చింది కాదు, భయంతో వచ్చింది. ఆ గదిలో భయం కుర్చీ మారింది, అంతే.

మున్నీ ఇప్పుడు రోజూ బడికి వెళుతోంది, బ్యాగుకు నల్ల కుచ్చు కట్టుకొని. రాత హోంవర్కు సుజనే చేయిస్తుంది. జగదీశ్వర్ దేని వయసూ చెప్పడం లేదు. పాలప్యాకెట్ మీద తేదీ కూడా తల్లికిచ్చి చదివిస్తున్నాడు. 1962, ఉరఫ్ 2011, వంటింట్లో కిటికీ పక్కన మేకుకు వేలాడుతోంది. అందులో ఎల్లిగడ్డలు మొలకెత్తకుండా మస్తుగా నిలవుంటున్నాయని చంద్రమ్మ గల్లీ అంతా చెప్తోంది.

విశ్వేశ్వర్ గారి సంగతే ఏమీ తెలియడం లేదు. ఆదివారం బీరువా తాళంచెవి పోయిందని చెప్పి, వచ్చినవాళ్లకు అద్దాల బయటి నుంచే చూపించి పంపారట. ఆ తర్వాత ఎండలో బోడితలతో తిరుగుతున్నారనీ, గది తలుపు వేసుకొని లోపల సవర్ణదీర్ఘ సంధి చదువుకుంటున్నారనీ రకరకాలుగా అంటున్నారు. మీలో ఎవరికైనా ఉస్మాన్‌గంజ్ వైపు పని పడితే, దయచేసి ఆ బడి మెట్లెక్కి, ఆయన ఎలా ఉన్నారో ఒకసారి చూసి రండి. భయపడకండి. మీరు ఎంతవరకు చదువుకున్నారని ఆయన ఇప్పుడు ఎవరినీ అడగడం లేదు.